పాత రేసింగ్ క్వాడ్లకు తక్కువ ఖర్చులో విడిభాగాలు: ఏవి చేయొచ్చు, ఏవి ముట్టుకోకూడదు?

పాతక్వాడ్250
హోండా టీఆర్‌ఎక్స్250ఆర్, సుజుకి ఎల్‌టీ250ఆర్, యమహా బాన్షీ: మూడూ నాలుగు చక్రాల పాత రేసింగ్ బండ్లు (క్వాడ్లు). ఈ మూడింటికీ కంపెనీ విడిభాగాలు దొరకడం రోజురోజుకీ కష్టమవుతోంది. పెద్ద బ్రాండ్ల ఆఫ్టర్‌మార్కెట్ సరుకు ఉంది కానీ మామూలు రైడర్‌కి అందే ధరలో లేదు. నా దగ్గర లేత్, చిన్న మిల్లింగ్ మెషీన్, టిగ్ వెల్డింగ్ సెట్ ఉన్నాయి. 20 నుంచి 50 సెట్ల చొప్పున చేసి తక్కువకే ఇవ్వాలని ఆలోచన.

జాబితా: ఏ-ఆర్మ్ (ముందు చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే ఆర్మ్) బుష్‌లు (ఆర్మ్ కదిలే చోట వేసే గొట్టపు ముక్కలు), స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాల ఆర్మ్) బుష్‌లు, వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం), చైన్ స్లైడర్ (చైన్ రాసుకోకుండా కింద వేసే ప్లాస్టిక్ పట్టీ), రీడ్ పెటల్స్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో తెరుచుకుని మూసుకునే పల్చటి రేకులు), కార్బ్యురేటర్ బూట్ (కార్బ్యురేటర్‌ని ఇంజిన్‌కి కలిపే రబ్బరు), ఫెండర్లు, ఏ-ఆర్మ్‌లు, స్పిండిళ్లు (ముందు చక్రం బిగించే భాగాలు). ఏది ముందు మొదలుపెట్టాలి? ఏ మెటీరియల్ వాడాలి? పాత భాగాన్ని కొలిచి అదే కొలతతో చేసేస్తే సరిపోతుందా?

మైక్రాన్
చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తా, ఎక్కువ సరుకు పాడయ్యేది అక్కడే. అరిగిన బుష్‌ని కొలిచి చేస్తే అరుగుదలతో సహా దించినట్టే. కొలవాల్సింది బుష్‌ని కాదు, అది కూర్చునే చోటుని: ఆర్మ్ గొట్టం లోపలి వ్యాసం, ఫ్రేమ్ ట్యాబుల (ఆర్మ్ బిగించే చెవుల) మధ్య దూరం, బోల్ట్ మందం. కనీసం మూడు బండ్ల నుంచి తీసుకోండి. పాత ఫ్రేముల్లో ట్యాబులు లోపలికో బయటికో వంగి ఉంటాయి, ఒక్క బండి కొలత నమ్మితే మిగతా రెండింటికీ ఎక్కదు.

ఇవన్నీ జపాన్ బండ్లు, మెట్రిక్‌లో గీసినవి. స్లీవ్ (బుష్ లోపల, బోల్ట్ మీద ఉండే ఉక్కు గొట్టం) అరగని చోట 15.97 మి.మీ. చూపిస్తే గీసినవాడి మనసులో ఉన్నది 16. ఆ అసలు సంఖ్య దొరికాక మీ టాలరెన్స్ మీరు వేసుకోండి. సగటు తీసి 15.93 అని డ్రాయింగ్‌లో రాసుకోవద్దు.

ఇంకోటి, బోల్టులు. ఈ బండ్లలో 10 మి.మీ. బోల్ట్ మర పిచ్ సాధారణంగా 1.25. హార్డ్‌వేర్ కొట్లో అడగ్గానే చేతిలో పెట్టేది 1.5. కిట్‌లో బోల్ట్ కూడా ఇస్తుంటే ఇది చూసుకోండి.

బంకమట్టి
సంవత్సరాలు కూడా రాసుకో బ్రో. పేరు ఒక్కటే అని అన్నిటికీ ఒకటే భాగం పట్టదు. టీఆర్‌ఎక్స్250ఆర్ 1986 నుంచి 1989 దాకా. ఎల్‌టీ250ఆర్ 1985 నుంచి 1992 దాకా, కానీ 1985–86 వేరు, 1987 తర్వాతవి వేరు. బాన్షీ 1987 నుంచి 2006 దాకా అమెరికాలో అమ్మారు, ఇన్నేళ్లలో పెద్దగా మార్చలేదు. తొలి బ్యాచ్ దేనికి చేయాలో దీన్నిబట్టే తెలిసిపోతుంది కదా.

లేత్_మాస్టర్
బంకమట్టి చెప్పింది కరెక్ట్. బాన్షీ బుష్ కిట్‌తో మొదలుపెట్టండి. బుష్ తయారీకి జిగ్ (ముక్కల్ని సరైన చోట పట్టి ఉంచే చట్రం) అక్కర్లేదు, రాడ్ ముక్క కొంటే చాలు, తప్పు వస్తే పోయేది చిన్న ముక్కే.

మెటీరియల్ విషయానికొస్తే:

ఎసిటల్ (డెల్రిన్ అని అమ్మేది ఇదే రకం) లేత్ మీద చక్కగా కోస్తుంది, నీళ్లు చాలా తక్కువ పీలుస్తుంది. నా ఓటు దీనికే.

నైలాన్ వద్దు. తడికి ఉబ్బుతుంది. వర్క్‌షాప్‌లో సరిగ్గా కదిలిన ఆర్మ్, బురదలో నాలుగు రేసులయ్యాక బిగుసుకుపోతుంది. జనం నైలాన్‌నీ ఎసిటల్‌నీ ఒకటే "తెల్ల ప్లాస్టిక్" అనుకుని కొనేస్తారు.

యూహెచ్‌ఎమ్‌డబ్ల్యూ పాలిథిలిన్ జారుడుకి అద్భుతం కానీ మెత్తన. బరువు పడితే మెల్లగా నొక్కుకుపోతుంది. దాన్ని చైన్ స్లైడర్‌కి ఉంచండి.

కొలతలు: గొట్టంలో బుష్‌ని 0.05 నుంచి 0.10 మి.మీ. బిగువుతో దిగ్గొట్టాలి. దిగ్గొట్టాక లోపలి రంధ్రం దాదాపు అంతే మూసుకుంటుంది. అందుకే రంధ్రాన్ని ముందే ఫైనల్ సైజుకి తీయకండి, కొంచెం చిన్నగా ఉంచి, దిగ్గొట్టాక రీమర్ (రంధ్రాన్ని ఖచ్చితమైన సైజుకి తెచ్చే పనిముట్టు) వేయండి. కొనేవాళ్లకి రీమర్ ఉండదనుకుంటే ఆ మూసుకునే మొత్తాన్ని లెక్కగట్టి ముందే పెద్దది చేసి పంపాలి. స్లీవ్‌కీ బుష్‌కీ మధ్య 0.08–0.12 వదులు ఉంచండి. ఎండలో, ఎగ్జాస్ట్ పక్కన ఎసిటల్ పెరుగుతుంది. 25 మి.మీ. వ్యాసానికి 40 డిగ్రీల వేడి పెరిగితే 0.11 మి.మీ. దాకా. బయట ఉక్కు గొట్టం దాన్ని పెరగనివ్వదు కాబట్టి ఒత్తిడంతా లోపలి రంధ్రం మీదే పడుతుంది.

టిగ్‌టార్చ్
లేత్_మాస్టర్ గారూ, ముఖ్యమైనది వదిలేశారు. స్లీవ్ పొడవు! బుష్ ఫ్లాంజ్ (చివర వెడల్పు అంచు) నుంచి ఫ్లాంజ్ వరకు ఎంత ఉందో దానికన్నా స్లీవ్ 0.1–0.2 మి.మీ. ఎక్కువ ఉండాలి. బోల్ట్ బిగిస్తే ఫ్రేమ్ ట్యాబులు స్లీవ్‌ని పట్టుకోవాలి, బుష్‌ని కాదు. స్లీవ్ పొట్టిగా ఉంటే బోల్ట్ బిగించగానే ఆర్మ్ కదలదు. అప్పుడు రైడర్ బోల్ట్ వదులు చేస్తాడు, స్లీవ్ బోల్ట్ మీదే తిరగడం మొదలవుతుంది, ట్యాబు రంధ్రం కోడిగుడ్డులా సాగిపోతుంది. ఫ్రేమే పోయింది ఇక.

లేత్_మాస్టర్
నిజమే, అది లేకపోతే మిగతాదంతా వృథా. స్లీవ్‌కి 4140 ప్రీ-హార్డ్ (ముందే గట్టిపరిచిన) ఉక్కు రాడ్ తీసుకుని పైభాగం నున్నగా గ్రైండ్ చేయించండి. గరుకుగా వదిలేస్తే ప్లాస్టిక్‌ని ఆకురాయిలా తినేస్తుంది.

రెండుస్ట్రోకులు
అందరూ ప్లాస్టిక్ అంటున్నరు గానీ బ్రాంజ్ సంగతేంది? మోటోక్రాస్ ల్యాండింగులకి బ్రాంజే నిలుస్తది. 660 గ్రేడ్ బేరింగ్ బ్రాంజ్, 0.03–0.05 వదులు, గ్రీజ్ నిప్పల్ పెట్టి లోపల గాడి తీస్తే చానా ఏండ్లు ఉంటది.

లేత్_మాస్టర్
ఉంటుంది, గ్రీజ్ కొట్టేవాడి చేతిలో అయితే. ప్రతి రైడ్ తర్వాత కొత్త గ్రీజ్ కొట్టి పాత బురదని బయటికి తోయాలి. అది చేయనివాళ్లే ఎక్కువ. ఇసుక దిగిందంటే బ్రాంజ్ స్లీవ్‌ని కూడా అరగదీస్తుంది. ఎసిటల్ అయితే తను అరిగి స్లీవ్‌ని కాపాడుతుంది, మార్చుకోవడం చవక.

ఒకటి మాత్రం ఖాయం: నూనె పీల్చిన సింటర్డ్ (పొడిని నొక్కి కాల్చి చేసిన) బ్రాంజ్ రెడీమేడ్ బుష్‌లు దొరుకుతాయి, చవక, సైజులూ బోలెడు. అవి ఫ్యాన్లకీ మోటార్లకీ. దెబ్బ పడితే పగులుతాయి. ఆర్మ్‌లో పెట్టొద్దు.

రెండుస్ట్రోకులు
సింటర్డ్ వద్దన్నది ఒప్పుకుంట. మిగతాది ఒప్పుకోను. రేస్ చేసేటోడు గ్రీజ్ కొడతడు. రెండు కిట్లు పెట్టు పాతక్వాడ్ అన్నా, కొనేటోళ్లు తేల్చుకుంటరు.

పవర్‌బ్యాండ్
స్ప్రాకెట్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? జాబితాలో వేగంగా అమ్ముడయ్యేది అదే. ఎప్పుడూ అరుగుతూనే ఉంటుంది. లేజర్ కటింగ్‌కి ఫైల్ ఇచ్చేస్తే పని అయిపోయినట్టే కదా.

మైక్రాన్
అవ్వదు. పళ్ల ఆకారం ఎక్కడ్నుంచి తెచ్చారన్నది మొదటి ప్రశ్న. పాత స్ప్రాకెట్‌ని స్కాన్ చేసి తెస్తే మళ్లీ అరుగుదలే కాపీ. లెక్క కట్టడం తేలిక. ఈ బండ్లకి వాడే 520 సైజు చైన్ పిచ్ (లింకుల మధ్య దూరం) 15.875 మి.మీ., రోలర్ వ్యాసం 10.16, లోపలి వెడల్పు 6.35. పిచ్ వృత్తం వ్యాసం = పిచ్ ÷ సైన్ (180 ÷ పళ్ల సంఖ్య). 40 పళ్లకి 202.33 వస్తుంది. అందులోంచి రోలర్ వ్యాసం తీసేస్తే పంటి అడుగు వ్యాసం 192.17. ఈ అడుగు కొలత కొంచెం తగ్గితే ఫర్వాలేదు, పెరగకూడదు. పెరిగితే రోలర్ అడుగున కూర్చోక పంటి మీదికి ఎక్కుతుంది, కొత్త చైన్ కూడా గరగరలాడుతుంది.

పంటి మందం 5.9 మి.మీ. దగ్గర ఉండాలి. 6.35 ప్లేట్ కొని అలాగే కోస్తే చైన్‌లో దూరదు, రెండు వైపులా ఫేస్ చేయాలి (లేత్ మీద చదునుగా కోయాలి). పంటి రెండు పక్కలా పైన 1.5 నుంచి 2 మి.మీ. వాలు కొట్టకపోతే సస్పెన్షన్ కదిలినప్పుడల్లా చైన్ పక్కకి రాసుకుంటుంది. లేజర్ ఫైల్‌లో ఈ వాలు ఉండదు, లేత్ మీదే తీయాలి.

పవర్‌బ్యాండ్
సరే, ఇంత ఉందనుకోలేదు. అల్యూమినియమా, ఉక్కా?

టిగ్‌టార్చ్
అల్యూమినియం అయితే 7075-టీ6 తప్ప ఇంకోటి వద్దు. 6061-టీ6 ఈల్డ్ బలం (శాశ్వతంగా వంగేలోపు తట్టుకునేది) 275 మెగాపాస్కల్ దగ్గర, 7075 అయితే 500 పైన. 6061 పళ్లు వంకీ తిరిగిపోతాయి. ఇక 7075ని లేజర్‌తో కోస్తే అంచున సన్నటి పగుళ్లు వస్తాయి. వాటర్‌జెట్ (నీటి ధారతో కోసే మెషీన్) వాడండి. వాటర్‌జెట్ అంచు కూడా పైకీ కిందికీ పదోవంతు మి.మీ. వాలు ఉంటుంది కాబట్టి మధ్య బోరు, బోల్ట్ రంధ్రాలు చిన్నగా కోయించి తర్వాత మెషీన్ మీద సైజుకి తెచ్చుకోండి.

ఉక్కు అయితే 1045, లేజర్ కట్, పళ్లకి మాత్రం ఇండక్షన్ హార్డెనింగ్. ఇక్కడో చిక్కు: లేజర్ పోయిన అంచు గట్టిపడుతుంది, ఆ రంధ్రంలోకి హెచ్‌ఎస్‌ఎస్ రీమర్ దింపితే రీమర్ అంచు పోతుంది. బోల్ట్ రంధ్రాలు లేజర్‌తో కోయించొద్దు, గుర్తు చుక్క మాత్రం వేయించి డ్రిల్ చేసుకోండి.

ఎర్రఫెండర్
డబ్బు మిగిలే దారి చెప్తా. స్ప్రాకెట్‌ని మోడల్‌కొకటి చేసి స్టాక్ పెట్టకండి. పళ్లు మాత్రమే కోసి, మధ్య బోరు చిన్నగా ఉంచి, బోల్ట్ రంధ్రాలు లేకుండా ఖాళీ బిళ్లలుగా ఉంచుకోండి. ఆర్డర్ వచ్చినప్పుడు హబ్‌ని (స్ప్రాకెట్ బిగించే భాగాన్ని) బట్టి బోరు, రంధ్రాలు తీయండి. మూడు మోడళ్లకి ఒకే స్టాక్ సరిపోతుంది. 38, 40 లాంటి రెండు మూడు పళ్ల సంఖ్యలు ఉంటే చాలు.

మైక్రాన్
మంచి ఆలోచన. ఒక్క షరతు: బోరు తీసేటప్పుడు బిళ్లని పళ్ల అడుగు మీద సెంటర్ చేయాలి, బయటి అంచు మీద కాదు. పూర్తయ్యాక హబ్ మీద పెట్టి డయల్ గేజ్‌తో చూస్తే ఊగడం 0.2 మి.మీ. దాటకూడదు. దాటితే చైన్ ఒకచోట బిగువు, ఒకచోట వదులు.

అల్యూమినియానికి అనోడైజింగ్ (పైన గట్టి ఆక్సైడ్ పొర) చేయిస్తే బోరు కొలత మారుతుంది. 50 మైక్రాన్ల హార్డ్ అనోడైజింగ్‌లో సుమారు సగం పైకి పెరుగుతుంది, అంటే బోరు వ్యాసం 0.05 తగ్గుతుంది. ముందే పెద్దది చేయండి, లేదా బోరుకి మాస్క్ వేయించండి.

బంకమట్టి
చైన్ స్లైడర్ కూడా రాసేయండి ఎవరైనా, నేను అదే మూడుసార్లు విరగ్గొట్టా.

లేత్_మాస్టర్
స్క్రూల దగ్గరే విరిగిందా? యూహెచ్‌ఎమ్‌డబ్ల్యూ వేడికి బాగా పెరుగుతుంది. 300 మి.మీ. ముక్క 40 డిగ్రీలకి 2 మి.మీ. దాకా సాగుతుంది. అన్ని రంధ్రాలూ బిగువుగా ఉంటే మధ్యలో ఉబ్బి చైన్‌కి తగులుతుంది. ముందు రంధ్రం ఒక్కటి గుండ్రంగా ఉంచండి, మిగతావి పొడుగు గాడులుగా చేయండి. శంకు తల స్క్రూ వాడకండి, అది చీలుస్తుంది. అడుగు చదునుగా ఉండే మెట్టు రంధ్రం తీసి, వాషర్‌తో చదును తల బోల్ట్ పెట్టండి.

రెండుస్ట్రోకులు
ఇంజిన్ దిక్కు వద్దాం. రీడ్ పెటల్స్ చానా తేలిక. జీ10 లేదా ఎఫ్‌ఆర్4 గ్లాస్ ఫైబర్ షీట్, 0.4 నుంచి 0.5 మి.మీ. మందం. షీట్లని రెండు ప్లేట్ల నడుమ బిగించి ఒకేసారి గుత్తగా కోయాలె, అంచులు చినగవు. తర్వాత 600 నంబర్ ఎమరీ పేపర్‌తో అంచులు నునుపు చేయాలె. రీడ్ కేజ్‌కి (పెటల్స్ బిగించే చట్రానికి) బిగించి వెలుతురుకి పట్టి చూడు. అంచున గీత లెక్క వెలుతురు కనిపిస్తే పెటల్ వంగింది లేకుంటే కేజ్ రబ్బరు పోయింది. మందం పెరిగితే కింద ఆర్‌పీఎమ్‌లో లాగుడు తగ్గుతది, మరీ పల్చనైతే పైన ఆర్‌పీఎమ్‌లో పెటల్ కొట్టుకుంటది, మూలలు చిట్లుతయ్. స్టీల్ పెటల్స్ మాత్రం చేయకు. విరిగి లోపలికి పోతే సిలిండర్ గోడ చీరేస్తది.

ఈ పని చేసేటప్పుడు మాస్క్ పెట్టుకో. గ్లాస్ ఫైబర్ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

పాతక్వాడ్250
కార్బ్యురేటర్ బూట్ యురేథేన్‌తో పోస్తే? సిలికాన్ మోల్డ్ చేయడం తేలిక.

రెండుస్ట్రోకులు
పోస్తే బూట్ లెక్కనే కనిపిస్తది, పెట్రోల్ తగిలితే మాత్రం మామూలు యురేథేన్ ఉబ్బి మెత్తబడుతది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి ఇంకా తొందరగ. పగులు పడితే గాలి లోపలికి పోతది, మిశ్రమం పల్చబడుతది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తది. రెండు స్ట్రోకుల ఇంజిన్‌ని చంపేది ఎక్కువగ ఈ చిన్న రబ్బరే. ఎన్‌బీఆర్ (పెట్రోల్‌ని తట్టుకునే రకం) రబ్బరు, లోహపు ఫ్లాంజ్‌కి అతికేటట్టు ప్రైమర్ పూసి, వేడి ప్రెస్‌లో మోల్డ్ చేయించు. మోల్డ్ ఖర్చు ఉంటది, 50కి తక్కువ చేస్తే గిట్టదు.

చేసినంక ప్రతి డిజైన్‌నీ ఇంజిన్ మీద గాలి పరీక్షకి పెట్టు: ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసి 0.4 బార్ గాలి నింపి 6 నిమిషాలు చూడు. సబ్బు నీళ్లు కొడితే ఎక్కడ లీకో బుడగలే చెప్తయ్. 0.4 దాటించకు, క్రాంక్ సీళ్లు తన్నుకొస్తయ్.

పవర్‌బ్యాండ్
గాస్కెట్లు కూడా చేర్చొచ్చు కదా? బ్లేడ్ ప్లాటర్ మీద కోసేయొచ్చు.

మైక్రాన్
చేర్చొచ్చు, కానీ బేస్ గాస్కెట్ (సిలిండర్ కింద వేసేది) మందం మీ ఇష్టం కాదు. 0.5 బదులు 1.0 పెడితే సిలిండర్ మొత్తం అర మిల్లీమీటర్ పైకి లేస్తుంది. పోర్టులు ముందే తెరుచుకుంటాయి, స్క్విష్ దూరం (పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్‌తో ఉండే సందు) పెరుగుతుంది, కింద లాగుడు పోతుంది. ప్యాకెట్ మీద నొక్కాక మిగిలే మందం రాయండి. కొనేవాళ్లకి ఒక ముక్క సీసం తీగ కూడా వేసి పంపితే ఇంకా మంచిది. పిస్టన్ పిన్ వరుసలో రెండు వైపులా పెట్టి ఇంజిన్‌ని ఒక చుట్టు తిప్పి, నలిగిన మందం కొలుచుకుంటారు.

ఎర్రఫెండర్
ఫెండర్లకి వస్తున్నా. ఇంజెక్షన్ మోల్డ్ ఈ సంఖ్యలకి కుదరదు, మరిచిపోండి. మిగిలినవి రెండు.

ఒకటి వాక్యూమ్ ఫార్మింగ్: వేడిచేసిన షీట్‌ని గాలి లాగి అచ్చుకి అతికించడం. 4 మి.మీ. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీట్. వంగుతుంది, పడినా విరగదు, అసలుకి దగ్గర. కానీ చల్లారాక 2 నుంచి 3 శాతం ముడుచుకుంటుంది. అసలు ఫెండర్ మీదే అచ్చు తీస్తే వచ్చేది పొట్టిది, 800 మి.మీ. పొడవులో 20 మి.మీ. తేడా వస్తే బోల్ట్ రంధ్రాలు ఎక్కడ కలుస్తాయి? అచ్చుని ముందే అంత పెంచాలి. లోతైన మూలల్లో షీట్ సాగి సగం మందానికి వస్తుంది, అక్కడ అచ్చు మూలని బాగా గుండ్రం చేయండి. అచ్చు మీదే 60 డిగ్రీల కిందికి చల్లారనివ్వండి, తొందరపడి తీస్తే మెలి తిరుగుతుంది.

రెండోది ఫైబర్‌గ్లాస్. అసలు ఫెండర్‌కి నాలుగైదు పూతలు మైనం, పైన పీవీఏ (అతుక్కోకుండా చేసే పొర), జెల్‌కోట్ (పైన ఉండే నున్నటి రెసిన్ పూత), మ్యాట్ (గ్లాస్ ఫైబర్ పొర)తో అచ్చు తీస్తే ముడుచుకోవడం సమస్య దాదాపు ఉండదు. భాగానికి జెల్‌కోట్ 0.5 మి.మీ., 450 గ్రాముల మ్యాట్ రెండు పొరలు, బోల్ట్ రంధ్రాల చుట్టూ నాలుగు పొరలు. హార్డెనర్ 1 నుంచి 1.5 శాతం, ఎక్కువ వేస్తే వేడెక్కి పగుళ్లు. ఖర్చు తక్కువ, మొదటి పది సెట్లకి ఇదే నయం. విరిగేది మాత్రం బోల్టుల దగ్గరే, రబ్బరు వాషర్లు తప్పనిసరి.

ఫెండర్ మీద కంపెనీ పేరు, లోగో అచ్చులో దిగకుండా ముందే పుట్టీతో నింపేయండి. "ఫలానా మోడల్‌కి సరిపోతుంది" అని రాసుకోవచ్చు, వాళ్ల గుర్తు వేసుకోకూడదు.

టిగ్‌టార్చ్
ఇక ఏ-ఆర్మ్‌లు. ఇవి చివరికి ఉంచండి. చేయలేరని కాదు, జిగ్ సరిగ్గా లేకుండా చేసినది ప్రాణం మీదికి తెస్తుంది.

25.4 మి.మీ. బయటి వ్యాసం, 1.65 గోడ మందం ఉన్న 4130 (క్రోమోలీ ఉక్కు) గొట్టం. మిల్ పొర (తయారీలో పైన మిగిలే పొర) పూర్తిగా గీకి, అసిటోన్‌తో లోపలా బయటా తుడవండి. ముక్కలు కలిసే చోట సందు అర మిల్లీమీటర్ దాటకూడదు, గొట్టాన్ని చేప నోరులా కోయడం హోల్‌సాతో చేయండి. ఫిల్లర్ (వెల్డింగ్‌లో కరిగించి నింపే తీగ) ఈఆర్70ఎస్-2, 1.6 మి.మీ. కరెంట్ 65 ఆంపియర్ల దగ్గర. 4130 ఫిల్లరే వాడాలనే వాదన ఉంది, అది వెల్డింగ్ తర్వాత హీట్ ట్రీట్ చేసేవాళ్లకి. మామూలుగా వదిలేసే ఆర్మ్‌కి మెత్తటి ఫిల్లరే మంచిది, పగలదు. వెల్డ్ అయ్యాక నీళ్లు, గాలి కొట్టొద్దు. తనంతట తాను చల్లారాలి. ఫ్యాన్ ఆపేయండి.

వెల్డింగ్ వేడికి పివట్ గొట్టాలు (బుష్ కూర్చునేవి) రెండూ వరుస తప్పుతాయి. బోరు 0.5 తక్కువగా ఉంచి, వెల్డ్ అంతా అయ్యాక రెండింటినీ ఒకే వరుసలో బోరింగ్ చేయండి. పొడుగు రాడ్ రెండు గొట్టాల్లోంచీ చేత్తో తోస్తే దూరాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే ఆ ఆర్మ్ పక్కన పెట్టేయండి.

క్రోమ్ ప్లేటింగ్ అడిగేవాళ్లు ఉంటారు. హైడ్రోజన్ లోపలికి చేరి వెల్డ్ పక్కన పెళుసు చేస్తుంది. పౌడర్ కోటింగ్ చాలు.

లేత్_మాస్టర్
ఇక్కడ నేను ఒప్పుకోను. తయారైన ఆర్మ్‌ని జిగ్‌లో బలం పెట్టి పరీక్షించకుండా కస్టమర్‌కి ఇవ్వడమే వద్దంటా. వెల్డింగ్ చూసి బాగుందనుకుంటే సరిపోదు. కనీసం డై పెనెట్రెంట్‌తో (పగుళ్లలోకి దిగి వాటిని చూపించే రంగు ద్రవంతో) ప్రతి వెల్డ్ చివరా చూడాలి, బ్యాచ్‌కి ఒకటి కోసి లోపలి దాకా కరిగిందో లేదో చూడాలి.

టిగ్‌టార్చ్
అది అదనం అనను, అవసరమే. బ్యాచ్‌కి ఒకటి కోయడం ధరలో కలిపేయాలి.

పాతక్వాడ్250
స్పిండిళ్లు? ఏ356 (పోతకి వాడే అల్యూమినియం మిశ్రమం)తో పోత పోయించి, టీ6 హీట్ ట్రీట్‌మెంట్ చేయిస్తే బరువు తగ్గుతుంది, చవక కూడా.

మైక్రాన్
వద్దు. పోత లోపల గాలి బుడగ కంటికి కనిపించదు, ఎక్స్‌రే తీయించకుండా తెలియదు. స్పిండిల్ విరిగితే ముందు చక్రం పోతుంది, అదీ ల్యాండింగ్‌లో. వెనక ఆక్సిల్ కూడా అంతే, 4340 ఉక్కు, హీట్ ట్రీట్‌మెంట్, స్ప్లైన్ రోలింగ్ అన్నీ ఉన్నచోటే చేయాలి.

రెండుస్ట్రోకులు
నూటికి నూరు పాళ్లు. ఈ రెండు మాత్రం జాబితాలకెల్లి కొట్టేయ్ అన్నా.

ఎర్రఫెండర్
ఏ356 మీద అంత ఇష్టం ఉంటే వాటర్ పంప్ మూత, క్లచ్ మూత లాంటివి పోయించండి. 3డి ప్రింట్ చేసిన నమూనాని 1.3 శాతం పెద్దది చేయాలి, అల్యూమినియం అంత ముడుచుకుంటుంది. మెషీన్ చేసే ముఖాల మీద 2 మి.మీ. అదనం ఉంచండి.

పాతక్వాడ్250
స్పిండిళ్లు, ఆక్సిళ్లు తీసేశాను. మొదట బాన్షీ ఏ-ఆర్మ్ బుష్ కిట్, ఎసిటల్, బ్రాంజ్ రెండూ. తర్వాత స్ప్రాకెట్ ఖాళీ బిళ్లలు. ఒక్క సందేహం: ఎసిటల్ రాడ్ మధ్యలో తెల్లటి గీతలా మెత్తటి భాగం కనిపిస్తోంది. వాడొచ్చా?

లేత్_మాస్టర్
అది రాడ్ తయారైనప్పుడు మధ్యలో మిగిలే సన్నటి రంధ్రాల భాగం, హోమోపాలిమర్ ఎసిటల్‌లో కనిపిస్తుంది. బుష్‌కి ఎలాగూ మధ్య రంధ్రం వేస్తారు కాబట్టి ఆ భాగం పోతుంది. గీత మీ బోరు కన్నా వెడల్పుగా ఉంటే మాత్రం ఆ రాడ్ వెనక్కి ఇచ్చేయండి, లేదా కోపాలిమర్ రకం అడగండి.

టిగ్‌టార్చ్
రాడ్ కోసిన వెంటనే ఫైనల్ సైజు తీయొద్దు. రఫ్‌గా తిప్పి ఒక రాత్రి వదిలేయండి, లోపలి బిగువు వదిలి కొద్దిగా ఆకారం మారుతుంది. మర్నాడు ఫైనల్ కోత.